వెంటపడితే దొరకదు

2024 అక్టోబర్ 22 రాత్రి విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఒక్కసారిగా లేచి ఆకాశంలో బొమ్మలు గీశాయి. అయిదు గిన్నిస్ రికార్డులు వచ్చాయి. చూసినవాళ్లు మురిసిపోయారు, మురిసిపోవాల్సిందే. అయితే ఇలాంటి ప్రదర్శనల వెలుగులో ఒక అభిప్రాయం కూడా వేళ్లూనుకుంటోంది. విశాఖ తీరం భద్రత గురించి ఎక్కడ మాటొచ్చినా అదే వినిపిస్తోంది. చవకగా దొరికే సెన్సర్లను వందల సంఖ్యలో తయారుచేసి నీళ్ల మీద, నీళ్ల కింద, గాలిలో వదిలేద్దాం. కదిలేది ఏది కనబడినా అవన్నీ కలిసి దాని వెంటపడతాయి. ఒడ్డున కంట్రోల్ రూమ్‌లో కూర్చుని పెద్ద తెర మీద చూసుకుంటే సరిపోతుంది. ఇక ఈ సముద్రంలో ఏదీ దాగదు. ఇదీ ఆ వాదన.

ఈ వాదన తప్పు. సంఖ్య పెరిగితే చూపు పెరుగుతుందన్నది మొదటి తప్పు. లక్ష్యానికి ఎంత దగ్గరగా పోతే అంత బాగా తెలుస్తుందన్నది రెండో తప్పు. అన్నిటినీ ఒక్కచోటి నుంచే నడపాలన్నది మూడో తప్పు. మూడూ కలిస్తే కోట్ల రూపాయలు నీళ్లపాలు చేసి, కాపలా ఉన్నామన్న భ్రమను కొనుక్కున్నవాళ్లమవుతాం. కాపలా లేదని తెలిసినవాడు కనీసం జాగ్రత్తగా ఉంటాడు. ఉందని భ్రమపడేవాడికి ఆ జాగ్రత్త కూడా ఉండదు. కదిలే సెన్సర్లతో కదిలే లక్ష్యాన్ని పట్టుకోవడంలో అసలు విద్య వేరే ఉంది. ఎవరు ముందుకు పోవాలి, ఎవరు పక్కకు తప్పుకోవాలి, ఎవరు ఉన్నచోటే ఉండిపోవాలి అన్నది ఆ జట్టు తనలో తాను తేల్చుకోగలగాలి. అది చేతకాని జట్టులో సెన్సర్లు వందున్నా వెయ్యున్నా ఒకటే.

ముందుగా డ్రోన్ షో సంగతి తేల్చేద్దాం. అలాంటి ప్రదర్శనల్లో ప్రతి డ్రోన్‌కూ ఏ సెకనులో ఎక్కడ ఉండాలో ముందే రాసి ఇస్తారు. ఉపగ్రహాల సాయంతో తన స్థానం తెలుసుకుంటూ అది ఆ దారిలో పోతుంది. అది దేన్నీ వెతకదు. మధ్యలోకి ఓ కొంగ ఎగిరొచ్చినా దాన్ని గమనించి, పక్కవాటికి చెప్పి, దాని వెంట కళ్లు తిప్పే పని దానికి అప్పగించలేదు. లెక్కకట్టి నడపడంలో అది గొప్ప విజయమే, కానీ నిఘాకు నమూనా కాదు. యుద్ధాల్లో వందల డ్రోన్లు ఒక్కుమ్మడిగా విరుచుకుపడటం కూడా చూస్తున్నాం. అక్కడ సంఖ్యకు విలువ ఉంది. ఎదుటివాడి దగ్గరున్న క్షిపణులు అయిపోయేదాకా పంపుతూ పోవడమే ఆ ఎత్తుగడ. కానీ దాడి చేయడం ఒక పని, జాడ తీయడం ఇంకో పని. మొదటిదానికి ఒప్పే సూత్రాన్ని రెండోదానికి అంటగడుతున్నారు. గందరగోళమంతా అక్కడే మొదలవుతోంది.

జాడ తీయడం ఎంత కష్టమో విశాఖకు తెలిసినంతగా మరే ఊరికీ తెలియదు. 1971 నవంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. మన విమానవాహక నౌక విక్రాంత్ దాని వేట. మన నౌకాదళ కథనం ప్రకారం, విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు తరలిపోయింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌తో రేడియో సందేశాలు పంపించి, విక్రాంత్ విశాఖలోనే ఉందన్న నమ్మకం పుట్టించారు. ఘాజీ రేవు వాకిటిదాకా వచ్చి, డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లనని మనం, సొంత మైన్ల ప్రమాదమని పాకిస్తాన్ చెబుతూ వచ్చాం. ఆ తగువు ఎలా తేలినా ఒక్క విషయం మారదు. ఒకే రకం సంకేతాన్ని నమ్ముకుని దాని వెంటపడిన వేటగాడు మోసపోయాడు. పక్క నుంచి మరో కన్ను చూసి ఉంటే, ఇంకో దారిలో ఇంకో కబురు అంది ఉంటే, ఆ ఎత్తు పారేది కాదు. తరవాత నీటి మీద తేలిన శిథిలాల కబురు మత్స్యకారుల ద్వారా నేవీకి చేరిందన్నది కూడా ఆ చరిత్రలో భాగమే. ఈ రెండు సంగతులూ మనకు ముందు ముందు కావాలి.

కాలం మారింది కదా అంటారు. నిజమే. అప్పట్లో సోనార్ అంటే ఎక్కువగా ఓడకు కట్టేసిన పరికరమే. ఇప్పుడు మనిషి మోయగలిగినంత యంత్రం సముద్రగర్భంలో తనంతట తాను తిరిగి వస్తోంది. కదిలే సెన్సర్లు కావాలనే నేనూ అంటాను. ఒకచోట పాతిన రాడార్‌కు దాని చూపు మేర దాటితే ఏమీ కనబడదు. కదిలేదాన్ని పట్టడానికి కదిలేవే కావాలి. వివాదమల్లా అవి ఎలా కదలాలన్నదాని మీదే.

దగ్గరగా పోతే బాగా తెలుస్తుందన్న మాటనే తీసుకుందాం. విశాఖ ఔటర్ హార్బర్‌కు తూర్పున ఒక జలాంతర్గామి పోతోందనుకోండి. నీటిలో చప్పుడు వినే సెన్సర్‌కు ఆ చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుంది, ఎంత దూరం నుంచో తెలియదు. తానే ధ్వని పంపి ప్రతిధ్వని వింటే దూరం తెలుస్తుంది గానీ, ఆ క్షణంలోనే తన ఉనికి బయటపడుతుంది. అందుకే మౌనంగా వినే సెన్సర్లు రెండు కావాలి. రెండూ చెప్పిన దిక్కుల గీతలు ఎక్కడ కలిస్తే అక్కడ లక్ష్యం ఉన్నట్టు.

ఇప్పుడు లెక్క వేయండి. లక్ష్యం 10 కిలోమీటర్ల దూరంలో ఉంది. సెన్సర్ చెప్పే దిక్కులో 2 డిగ్రీల పొరపాటుకు అవకాశం ఉంది. రెండు సెన్సర్లూ అర కిలోమీటరు ఎడంలో, పక్కపక్కన ఉన్నాయి. అప్పుడు వాటి గీతల మధ్య కోణం 3 డిగ్రీల లోపే. వాటిలో ఒక్కటి 2 డిగ్రీలు తప్పినా చాలు, లక్ష్యం 6 కిలోమీటర్లకూ 33 కిలోమీటర్లకూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చని జవాబు వస్తుంది. అంటే ఏమీ తెలియనట్టే. అవే రెండు సెన్సర్లను, అంతే దూరంలో, లక్ష్యాన్ని లంబకోణంలో చూసేలా నిలబెట్టండి. పొరపాటు ఒక్కో వైపు సుమారు 350 మీటర్లకు దిగుతుంది. సెన్సర్ మారలేదు, ఖర్చు పెరగలేదు, లక్ష్యానికి ఒక్క అడుగు కూడా దగ్గర కాలేదు. నిలబడిన తీరు ఒక్కటే మారింది.

అన్నీ వెంటపడితే ఏమవుతుందో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. కాసేపటికి అన్నీ లక్ష్యం వెనక ఒకే పక్కన గుమిగూడతాయి. అన్ని గీతలూ ఒకే గీతలా మారతాయి. వందా కలిసి ఒక్క కన్నవుతాయి. సగటు తీస్తే పొరపాటు తగ్గుతుంది కదా అనేవాళ్లున్నారు. ఏ సెన్సర్ పొరపాటు దానిదైతే తగ్గుతుంది. అందరి పొరపాటూ ఒకటే అయినప్పుడు తగ్గదు. మన బంగాళాఖాతం మామూలు సముద్రం కాదు. గోదావరి, మహానది, గంగ, బ్రహ్మపుత్ర మోసుకొచ్చే మంచినీరు ఉప్పునీటి మీద ఓ పొరలా పరుచుకుంటుంది. లోతు మారేకొద్దీ ఉప్పదనం, వేడి మారతాయి, వాటితో పాటు ధ్వని వేగం మారి దాని దారి వంగుతుంది. తీరం వెంట పోయే ప్రవాహం వర్షాకాలానికి ముందు ఉత్తరానికి పోయి, అది వెళ్లాక దక్షిణానికి తిరుగుతుంది. ఒకేచోట గుమిగూడిన సెన్సర్లన్నీ ఒకే వంకర ధ్వనిని విని ఒకే తప్పును గట్టిగా చెబుతాయి. ఆ గట్టిదనాన్ని చూసి నిజమని నమ్మేస్తాం.

వెంటపడటానికి శక్తి కూడా చాలదు. నీళ్లలో వేగం రెట్టింపు చేయాలంటే ప్రతి గంటకూ సుమారు ఎనిమిది రెట్ల శక్తి ఖర్చవుతుంది. అదే బ్యాటరీతో పోగలిగే దూరం నాలుగో వంతుకు పడిపోతుంది. సముద్ర పరిశోధకులు వాడే గ్లైడర్లు నెలల తరబడి తిరుగుతాయంటే గంటకు ఒక కిలోమీటరు నడక నడుస్తాయి కాబట్టే. వాటికన్నా ఎన్నో రెట్లు వేగంగా పోయే జలాంతర్గామిని తరమమంటే రెండూ పోతాయి, లక్ష్యమూ బ్యాటరీ కూడా. ఏ సాఫ్ట్‌వేరూ ఈ భౌతిక సూత్రాన్ని మార్చలేదు.

మరి నెమ్మదిగా పోయేవి వేగంగా పోయేదాన్ని ఎలా పడతాయి? ఈ ప్రశ్నకు జవాబు మన ఫిషింగ్ హార్బర్‌లో ఏ సరంగును అడిగినా చెబుతాడు. రింగు వల వేసేవాళ్లు చేపల గుంపు తోక పట్టుకుని పరిగెత్తరు. అది ఎటు పోతోందో అంచనా కట్టి, దాని దారిని చుట్టుకుంటూ వల తిప్పుతారు. సెన్సర్ల జట్టు కూడా అంతే చేయాలి. వెనక ఉన్నది తనకు తెలిసినదంతా ముందున్నదానికి అప్పగించి ఆగిపోవాలి. ముందున్నది దారికి అడ్డంగా కొంచెం జరగాలి. పక్కనున్నవి కోణం చెడకుండా ఎడం పాటించాలి. మిగతావి ఉన్నచోటే ఉండి, రెండో లక్ష్యం వస్తే వినడానికి చెవి ఒగ్గి ఉండాలి. అందరూ మొదటి చప్పుడు వెంట పోయిన సముద్రంలోకి రెండోవాడు దర్జాగా వస్తాడు. విక్రాంత్ కోసం వచ్చిన ఘాజీని ఒక్క రాజ్‌పుత్ ఏమార్చగలిగిందంటే, వంద సెన్సర్ల మందను ఏమార్చడానికి ఎర ఒక్కటి చాలు.

మన నౌకాదళం రోజూ చేసే పని కూడా ఈ మాటనే బలపరుస్తుంది. అరక్కోణం నుంచి ఎగిరే పీ-8ఐ విమానాలు జలాంతర్గామి కోసం సోనోబోయలను జారవిడుస్తాయి. నీళ్లలో పడ్డాక ఆ బోయలు దేని వెంటా పోవు. నీరు ఎటు తీసుకుపోతే అటు తేలుతూ వింటాయి. అయినా వాటితోనే వేట సాగుతుంది, ఎందుకంటే వాటిని ఏ వరసలో, ఎంత ఎడంలో వేయాలో తెలిసినవాళ్లు వేస్తారు. లోతు తక్కువ నీళ్లలో జలాంతర్గాములను వేటాడే నౌకలు పదహారు కట్టిస్తున్నారు. వాటిలో అర్నాలా 2025 జూన్ 18న, ఆంద్రోత్ అక్టోబర్ 6న విశాఖలోనే నౌకాదళంలో చేరాయి. ఓడ, హెలికాప్టర్, విమానం తలో చోటి నుంచి తలో రకంగా చూస్తేనే వేట ఫలిస్తుందన్నది ఈ వృత్తిలోని పాత పాఠం. సెన్సర్ చవకయ్యిందని ఆ పాఠం చెల్లకుండా పోదు.

శాస్త్రం కూడా అటే ఉంది. 1987లో క్రెగ్ రేనాల్డ్స్ పక్షుల గుంపును కంప్యూటర్‌లో ఎగరేయడానికి మూడు సూత్రాలు పెట్టాడు. పక్కవాడికి మరీ దగ్గర కావద్దు, పక్కవాళ్లు పోయే దిక్కుకు నీ దిక్కు కలుపు, గుంపుకు దూరం కావద్దు. ఎడం పాటించమన్న మాటే అందులో మొదటిది. 2006లో రెజా ఓల్ఫాటి-సాబెర్ ఇలాంటి గుంపు కదలికకు గట్టి గణితం సమకూర్చాడు. మరుసటి ఏడాది దాన్ని కదిలే సెన్సర్లతో లక్ష్యాన్ని వెంబడించే సమస్యకు అన్వయించాడు. అక్కడ ప్రతి సెన్సర్ తన అంచనా తాను కట్టుకుంటుంది, దగ్గర్లో ఉన్నవాటితోనే మాట్లాడుతుంది, ఎటు కదిలితే కొత్త సమాచారం దక్కుతుందో చూసుకుని కదులుతుంది. రెండు దశాబ్దాలుగా ఇంజనీరింగ్ విద్యార్థులకు అందుబాటులో ఉన్న సంగతి ఇది. అయినా మన ప్రాజెక్టు నివేదికల్లో మొదటి పేజీ మీద సెన్సర్ల సంఖ్యే కనబడుతోంది.

ఇక మూడో తప్పు, కంట్రోల్ రూమ్ భక్తి. సముద్రపు నీళ్ల కింద మామూలు రేడియో పనిచేయదు. మాట్లాడాలంటే ధ్వనే దిక్కు. నీళ్లలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. 15 కిలోమీటర్ల అవతలికి ఒక మాట చేరాలంటే 10 సెకన్లు. పైగా ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, లేదంటే మాటలన్నీ కలగాపులగమవుతాయి. వంద సెన్సర్లు వంతులవారీగా ఒడ్డుకు ఒక్కో కబురు చెప్పుకుంటే దాదాపు 17 నిమిషాలు. గంటకు 20 కిలోమీటర్లు పోయే జలాంతర్గామి ఆలోపు అయిదున్నర కిలోమీటర్లు దాటిపోతుంది. తెర మీద కనబడేది అది ఉన్న చోటు కాదు, ఎప్పుడో ఉన్న చోటు. పైగా ఆ ఒక్క గదికి కరెంటు పోయినా, లైను తెగినా, హుద్‌హుద్ లాంటి తుపాను మళ్లీ వచ్చినా మొత్తం గుడ్డిదవుతుంది. 2014 అక్టోబర్‌లో ఈ నగరం ఫోన్లు మూగబోయి, రోజుల తరబడి చీకట్లో గడిపింది. అది మరిచిపోయి అన్ని కళ్లనూ ఒకే తీగకు వేలాడదీద్దామంటే ఎలా?

ఇక్కడ ఒక గీత స్పష్టంగా గీయాలి. ఎటు కదలాలి, ఎవరికి చెప్పాలి అన్నది సెన్సర్ల జట్టుకు వదలాలి. కనబడింది శత్రువా, వలలు ఎత్తుతున్న బోటా అన్న తీర్పు, దాని మీద తీసుకునే చర్య మాత్రం మనిషి చేతిలోనే ఉండాలి. కేంద్రం ఉండాల్సింది అందుకోసం. ఇప్పటి ధోరణి దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. కదలికను మనిషి చేతిలో పెట్టుకుని, గుర్తింపును యంత్రానికి వదిలేద్దామంటున్నారు.

1969 నుంచి విశాఖలో పనిచేస్తున్న నౌకాదళ సాంకేతిక పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ 2025 నవంబర్‌లో ఒక మంచి కబురు చెప్పింది. మనిషి మోయగలిగే స్వయంచాలక జలాంతర వాహనాలను, సముద్రపు మైన్లను పసిగట్టడానికి, ఒక జట్టుగా తయారుచేసింది. సైడ్ స్కాన్ సోనార్, కెమెరాలతో చూసి, చూసినదేమిటో అవే గుర్తుపట్టి, ఒకదానితో ఒకటి ధ్వనితో మాట్లాడుకుంటాయి. మన ఊళ్లో జరిగిన ఈ పని గర్వించదగ్గది. దాని సారం ఆ వాహనాలు తమలో తాము మాట్లాడుకోవడంలో ఉంది, వాటి లెక్కలో లేదు. అయితే మైను కదలదు, జలాంతర్గామి కదులుతుంది. మొదటిదానిలో గెలిచాం కాబట్టి రెండోది కూడా అయిపోయినట్టేనని చప్పట్లు కొట్టేవాళ్లు ఆ శాస్త్రవేత్తలకు మేలు చేయడం లేదు.

సంఖ్య మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లు ఒక గాయాన్ని గుర్తు తెచ్చుకోవాలి. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన ఏఎన్-32 విమానం 29 మందితో మాయమైంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఓడలు, విమానాలు, జలాంతర్గామి కూడా కదిలాయి. పెద్ద గాలింపే జరిగింది. ఏమీ దొరకలేదు. శిథిలాల ఆనవాళ్లు బయటపడింది 2024 జనవరిలో. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) సముద్రగర్భ వాహనం 3,400 మీటర్ల లోతున తీసిన చిత్రాల్లో అవి కనిపించాయి. ఏడున్నరేళ్లు ఆ కుటుంబాలు ఎదురుచూశాయి. వెతికినవాళ్ల శ్రమను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఎక్కడ, ఏ లోతున, ఏ సాధనంతో వెతకాలన్నది తెలియనప్పుడు ఎన్ని ఓడలైనా ఆ లోటును పూడ్చలేవని చెబుతున్నాను.

ఈ చర్చ ఒక్క సముద్రానిదే కాదు. రిఫైనరీ, ఉక్కు కర్మాగారం, రసాయన పరిశ్రమలు ఇళ్లను ఆనుకుని ఉన్న నగరం మనది. 1997 సెప్టెంబర్ 14న హెచ్‌పీసీఎల్‌లో లీకైన గ్యాస్ మేఘంలా కమ్ముకుని పేలి సుమారు 60 మందిని బలిగొంది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం వీధుల్లోకి పాకింది. 12 మంది చనిపోయారు. పరిగెత్తినవాళ్లకు ఎటు పరిగెత్తాలో తెలియదు. గ్యాస్ మేఘం కూడా కదిలే లక్ష్యమే. దానికి తలా తోకా ఉండవు, గాలి తిరిగితే అది తిరుగుతుంది. సెన్సర్ పెట్టుకున్న డ్రోన్లన్నీ గాఢత ఎక్కువున్న చోటికే ఎగబడితే, మేఘం మధ్యలో విషం ఉందన్న, అందరికీ తెలిసిన కబురే తెస్తాయి. జనానికి కావలసింది దాని అంచు ఎక్కడుంది, పావుగంటలో ఏ వీధికి చేరుతుంది అన్నది. అంచు పొడవునా ఎడంగా పరుచుకుని, గాలి పోయే దిక్కులో ముందే కాచుకునే జట్టే ప్రాణాలు కాపాడుతుంది. సూత్రం సముద్రంలోదే, ఫలితం మన గుమ్మం ముందుది.

చివరగా, ఈ వాదనలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే భాగం. మత్స్యకారుల బోట్లను తెర మీద అడ్డుపడే చుక్కలుగా చూస్తున్నారు. వాటిని ఏరేస్తే శత్రువు కనబడతాడంటున్నారు. పెదజాలరిపేట నుంచి భీమిలి దాకా, అటు గంగవరం దాకా రోజూ సముద్రంలో తిరిగే ఈ బోట్లకు మించిన కదిలే జట్టు ఈ తీరంలో ఉందా? ఘాజీ కబురు మోసింది ఎవరు? ఉపగ్రహాల ద్వారా రెండు వైపులా సందేశాలు పంపగల ట్రాన్స్‌పాండర్లను దేశంలో లక్ష బోట్లకు అమర్చే 364 కోట్ల రూపాయల పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది. దాన్ని బోట్ల మీద నిఘా పెట్టడానికే వాడితే మత్స్యకారుడు దాని స్విచ్ ఆపేస్తాడు, ఆపేసినవాణ్ణి తప్పుపట్టలేం. తుపాను హెచ్చరిక, చేపలున్న చోటు, దారి తప్పిన తోటివాడి జాడ అతనికి తిరిగి అందితే అతనే ఈ వ్యవస్థకు చూపవుతాడు. ఇష్టపడి చేరాలి, చేరినందుకు లాభం ఉండాలి, పోరాటంలోకి మాత్రం అతన్ని లాగకూడదు. ఈ మూడు షరతులూ లేని పథకాన్ని మత్స్యకారుడు నమ్మడు.

కాబట్టి రక్షణ ప్రాజెక్టులకు డబ్బిచ్చేవాళ్లకు, పోర్టు యాజమాన్యానికి, ఈ నగరంలోని ఇంజనీరింగ్ కళాశాలలకు నా విన్నపం ఇది. ఎవరైనా వచ్చి మా దగ్గర ఇన్ని వందల సెన్సర్లున్నాయంటే ఆ అంకె పక్కన పెట్టి మూడు పరీక్షలు పెట్టండి. ఉన్నవాటిలో మూడో వంతు తీసేస్తే జాడ నిలుస్తుందా? ఒడ్డుతో మాట తెగిపోతే జట్టు తన పని తాను చేసుకుపోతుందా? ఒక ఎర వేసి, అసలు లక్ష్యాన్ని మరో దారిన పంపితే కొన్ని కళ్లయినా రెండోవైపు తిరిగి ఉంటాయా? ఈ పరీక్షలు కాగితం మీద కాదు, మన సముద్రంలో, మన ప్రవాహాల్లో, రెండు రుతువుల్లోనూ జరగాలి. వాటికి నిలిచినదాన్ని నెత్తిన పెట్టుకుందాం. నిలవనిదానికి ప్రజల సొమ్ము ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.